మూడున్నర కిలోలా, కిలోన్నరా: పెళ్లి వీడియోల కోసం ల్యాప్‌టాప్ కొన్న నా అనుభవం

మాది విజయవాడ. పెళ్లి వీడియోలు తీస్తాను, ఎడిటింగ్ కూడా నేనే చేసుకుంటాను. ఇన్నేళ్లూ ఆ పనంతా ఇంట్లో డెస్క్‌టాప్ మీదే నడిచిపోయింది, ల్యాప్‌టాప్ అవసరం పడలేదు. ఈమధ్య పెళ్లివాళ్లు సేమ్ డే ఎడిట్ అని కొత్త కోరిక మొదలుపెట్టారు. తెల్లవారుజామున ముహూర్తం అయితే, అదే రోజు సాయంత్రం రిసెప్షన్‌లో ఎల్ఈడీ వాల్ మీద ఆ పెళ్లంతా నాలుగు నిమిషాల వీడియోగా పడాలి. డబ్బులు బాగానే ఇస్తారు, అబద్ధం ఎందుకు. కానీ డెస్క్‌టాప్‌ని ఫంక్షన్ హాలుకి మోసుకెళ్లలేం కదా. ఒకసారి ఆ పనీ చేశాను, మానిటర్‌కి దుప్పటి చుట్టి కారు డిక్కీలో పెట్టుకుని, ఆ కథ ఇక్కడ వద్దులెండి.

ల్యాప్‌టాప్ కొనాలి అని అడిగితే ప్రతివాడూ ఒకటే మాట. ఎడిటింగ్ కదా, కళ్లు మూసుకుని గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో. నేనూ అదే అనుకున్నాను. మా బావమరిది ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడి దగ్గర అలాంటిదే ఉంది, రైజెన్ 7 ప్రాసెసర్, ఎన్విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్. కొనేముందు ఒక పెళ్లికి వాడి చూస్తాను రా, ఇవ్వు అంటే, "తీసుకెళ్లు బావా, ఇంటర్నల్స్ అయ్యేదాకా అమ్మ దాన్ని ఎలాగూ ముట్టుకోనివ్వట్లేదు" అన్నాడు.

అది 2024 ఏప్రిల్ మూడో వారం, తెనాలిలో పెళ్లి. ఉదయం అయిదింటికల్లా తలంబ్రాలు అయిపోయాయి. విడిదిలో మాకిచ్చిన గదికి వచ్చి ల్యాప్‌టాప్ తీసి ఛార్జర్ పెట్టబోతే, ప్లగ్గు సాకెట్‌లో దూరదు. చూస్తే దాని పిన్నులు లావుగా ఉన్నాయి, ఏసీలకీ గీజర్లకీ పెట్టే పెద్ద ప్లగ్గు. 300 వాట్ల ఛార్జర్ అది, 230 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్ కూడా లాగదు, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు ఎందుకు ఇచ్చారో చేసినవాళ్లకే తెలియాలి. గదిలో అలాంటి సాకెట్ ఒక్కటే ఉంది, అది గోడకి పైన, ఏసీ పక్కన. దాంతో నేను మంచం మీద కుర్చీ వేసి, ఏసీ ప్లగ్గు పీకి, ఇది పెట్టాను. వైరు అక్కడినుంచి కిందికి వేలాడుతుంటే, ఛార్జర్ ఇటుకని దిండు మీద పడుకోబెట్టి, కింద కూర్చుని ఎడిటింగ్ మొదలుపెట్టాను. ఏప్రిల్ ఎండ, ఏసీ లేదు, ల్యాప్‌టాప్ ఫ్యాన్లు విమానంలా మోత. పెళ్లికూతురి మేనత్త తలుపు తీసి చూసి "ఏం బాబూ, పొయ్యి ఏమైనా వెలిగించారా?" అని అడిగింది.

ఇదంతా సర్దుకోవచ్చు. మా అసిస్టెంట్ కుర్రాడు పరిగెత్తి కన్వర్టర్ ప్లగ్గు తెచ్చాడు, తర్వాత ఏసీ కూడా వేశాం. అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో క్లిప్పులు వేసి ప్లే కొడితే కదలట్లేదు. ఒక సెకను ఆడుతుంది, ఆగుతుంది, మళ్లీ ఒక ఫ్రేము, మళ్లీ ఆగుతుంది. లక్ష రూపాయల పైచిలుకు మిషన్, 4060 గ్రాఫిక్స్, జీలకర్ర బెల్లం పెట్టే క్లిప్పు ఒక్కటి సాఫీగా ఆడించలేకపోతోంది. ముందు ఎస్ఎస్‌డీ కేబుల్ అనుమానం వచ్చింది, మార్చాను. తర్వాత డ్రైవర్లు. ఆఖరికి టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు శాతం మండిపోతోంది, పక్కన గ్రాఫిక్స్ కార్డులో వీడియో డీకోడ్, అంటే వీడియో ఫైలుని విప్పే పని చూపించే గీత మాత్రం అడుగున సున్నా మీద పడుకుని ఉంది. అంటే ఆ కార్డు నా క్లిప్పుల్ని అసలు ముట్టుకోవట్లేదు.

ఆ రోజు గండం ప్రాక్సీలతో గడిచింది, అంటే ప్రతి క్లిప్పుకీ తేలికపాటి నకలు చేసుకుని దానిమీద ఎడిట్ చేయడం. ఆ నకళ్లు తయారవడానికే రెండు గంటల పైన పట్టింది. వీడియో మాత్రం వేళకి పడింది, పెళ్లివాళ్లకి ఇదేమీ తెలియదు. నేను మాత్రం ఇంటికి వచ్చాక రెండు రోజులు ఇదే పట్టుకున్నాను.

కారణం చిన్నదే, కాకపోతే ఎవరూ చెప్పరు. నా కెమెరా సోనీ ఏ7 4. అందులో నేను 4కే 50 ఫ్రేముల్లో, హెచ్.265లో, 10 బిట్ 4:2:2 రంగుతో తీస్తాను. హెచ్.265 అంటే ఫైలు చిన్నదయ్యేలా వీడియోని కుదించే పద్ధతి. 4:2:2 అంటే ప్రతి రెండు పిక్సెళ్లకి ఒక రంగు సమాచారం, మామూలు ఫోన్ల 4:2:0లో నాలుగింటికి ఒకటి. ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ లైట్లు గులాబీ, ఊదా రంగులు కుమ్మేస్తుంటాయి కాబట్టి మొహాల రంగు తర్వాత సరిచేయడానికి ఆ రెట్టింపు సమాచారం బాగా పనికొస్తుంది. అయితే హెచ్.265లో ఈ రకం ఫైలుని విప్పే ప్రత్యేక సర్క్యూటు అన్ని చిప్పుల్లోనూ ఉండదు. ఎన్విడియా 40 సిరీస్ వరకూ లేదు, 4090 అయినా సరే. మా బావమరిది దాంట్లో ఉన్న రైజెన్ గ్రాఫిక్స్‌లోనూ లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో మాత్రం 11వ తరం నుంచి, లోపల ఉండే ఉచిత గ్రాఫిక్స్‌లోనే ఉంది, క్విక్ సింక్ అంటారు. యాపిల్ ఎం సిరీస్ చిప్పుల్లోనూ ఉంది.

ఇది చదివాక నా డెస్క్‌టాప్ ఇన్నాళ్లూ ఎందుకు ముక్కుతోందో కూడా అర్థమైంది. దాంట్లో ఉన్నది ఇంటెల్ ఐ5-12400ఎఫ్. ఆ చివరి ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కొన్నప్పుడు ఎఫ్ ఉన్నది రెండు వేలు తక్కువకి వస్తుంటే, గ్రాఫిక్స్ కార్డు వేరే పెడుతున్నాం కదా, అది ఎందుకు దండగ అనుకున్నాను. ఆ రెండు వేల పొదుపుకి రెండేళ్లపాటు ప్రాక్సీలు చేసుకుంటూ కూర్చున్నాను.

నమ్మకం కుదరక ఒక ప్రయోగం చేశాను. మా చెల్లెలు డిగ్రీ చదువుతోంది, దానికి కొనిచ్చిన మామూలు ల్యాప్‌టాప్ ఉంది, ఇంటెల్ ఐ5-1235యూ, 16 జీబీ ర్యామ్, నోట్సులు టైప్ చేసుకోవడానికీ సీరియళ్లు చూడటానికీ. ప్రీమియర్ లైసెన్సుతో రెండు మిషన్ల మీద లాగిన్ అవ్వొచ్చు కాబట్టి దాంట్లో వేశాను. అదే జీలకర్ర బెల్లం క్లిప్పు. ప్లే కొట్టాను. నెయ్యిలా జారిపోయింది! చెల్లెలు వెనకనుంచి చూసి "నాది మంచిదే కదా అన్నయ్యా, ఊరికే డొక్కు డొక్కు అంటావు" అంది. దానికి సమాధానం చెప్పలేకపోయాను.

సరే, అంతమాత్రాన ఆ చిన్నది నాకు సరిపోతుందని కాదు. రంగులు సరిచేసే లేయర్లు రెండు మూడు వేసేసరికి అది కూడా కుంటడం మొదలుపెట్టింది, ఎక్స్‌పోర్ట్ (తయారైన వీడియోని ఫైలుగా తీయడం) అయితే చెప్పక్కర్లేదు. నాలుగు నిమిషాల వీడియోకి పదకొండు నిమిషాలు పట్టింది. కానీ ఎడిటింగ్‌లో నా టైమంతా ఎక్కడ పోతోందో ఆ రోజు తెలిసింది. క్లిప్పులు వెనక్కీ ముందుకీ జరిపి చూస్తూ, కోసి పక్కన పెడుతూ గంటలు పోతాయి, ఎక్స్‌పోర్ట్‌కి పోయేది నిమిషాలే. పైగా ఎక్స్‌పోర్ట్ అవుతుంటే నేను భోజనానికి వెళ్లొచ్చు.

ఈలోగా ఏప్రిల్ ఆఖర్లో శుక్ర మూఢం వచ్చింది. ఆ ఏడాది దాదాపు మూడు నెలలు ముహూర్తాలు లేవు, మా లైనులో అందరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. నాకు మాత్రం ఆలోచించుకోవడానికి బోలెడు తీరిక దొరికింది.

ఇక్కడ ఒక చిక్కు. ఇంటెల్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 రెండూ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకుంటే పోలా? క్లిప్పులు ఇంటెల్ విప్పుతుంది, ఎఫెక్టులు 4060 చూసుకుంటుంది, ఏ లోటూ లేదు. నిజమే, పనితనం ఒక్కటే చూస్తే నాకు సరైన మిషన్ అదే. ధర 1,18,000 చెప్పారు. దాదాపు ఒప్పేసుకున్నాను కూడా. ఆగింది బరువు దగ్గర.

పేపర్ మీద 2.4 కిలోలు అని రాస్తారు, అందులో ఛార్జర్ కలపరు. బావమరిదిది తిరిగి ఇచ్చే ముందు మా వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్లి, కాటా మీద పెట్టించాను. కొట్టాయన కందిపప్పు కవరు పక్కకి జరిపి "దీన్ని కూడా కేజీల్లెక్కన అమ్ముతున్నారా?" అని నవ్వాడు. ల్యాప్‌టాప్, ఛార్జర్, వైరు, కన్వర్టర్ ప్లగ్గు అన్నీ కలిపి మూడు కిలోల నాలుగు వందల యాభై. ఇంతేనా అనిపిస్తుంది. కానీ నా భుజం మీద అప్పటికే ఏముందో చూడాలి. కెమెరా బాడీ 658 గ్రాములు, 24-70 లెన్సు 695, ఇలాంటివి ఇంకో రెండు మూడు, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పిడి), బ్యాటరీలు, లైట్లు, మొత్తం ఎనిమిది కిలోల పైమాటే. బండి మీద వెళ్తే ముందొక బ్యాగు, వెనకొక బ్యాగు. బస్సులో అయితే ఒళ్లో పెట్టుకోవాలి, పైన పెట్టే ధైర్యం నాకు లేదు. కిందటి మాఘంలో వరుసగా పెళ్లిళ్లు చేసినప్పుడు నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం మీద ఉన్నాను, డాక్టర్ బరువులు తగ్గించమన్నాడు. పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి బరువు తగ్గించమని చెప్పడం చేపని నీళ్లలో తిరగొద్దనడం లాంటిదే, అయినా విన్నాను.

ఇంకోటి బ్యాటరీ. గేమింగ్ ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకగానే గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు బాగా తగ్గిపోతుంది, బ్యాటరీ నుంచి అంత లాగడం కుదరదు కాబట్టి. అంటే డబ్బు పెట్టి కొన్న బలం గోడకి తగిలించి ఉన్నంతసేపే. తెనాలిలో కరెంటు పోయి జనరేటర్ వేసేలోపే బ్యాటరీ జారిపోవడం కళ్లారా చూశాను, కదిలిస్తే గంటన్నర కూడా రాలేదు.

మ్యాక్‌బుక్ ఎయిర్ కూడా చూశాను. ఎం3, 1.24 కిలోలు, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, నా క్లిప్పులు హాయిగా ఆడతాయి. అప్పట్లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ ఉన్నది 1,14,900. నాకు కావలసిన 16 జీబీ, 512 అడిగితే 1,54,900. ఒక్కో మెట్టుకి ఇరవై వేలు! పైగా నా ప్లగిన్లు, ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ అన్నీ విండోస్‌లో ఉన్నాయి. దండం పెట్టి బయటికి వచ్చేశాను.

బందరు రోడ్డులో ఒక షాపుకి వెళ్తే సేల్స్ కుర్రాడు వెంటనే ఒక సన్నటి ల్యాప్‌టాప్ తీసి "సార్, ఇది ఇంటెల్ అల్ట్రా 7, టాప్ ప్రాసెసర్" అన్నాడు. స్టిక్కర్ మీద అంతే ఉంటుంది. పూర్తి పేరు చూపించమంటే 155యూ. నాకు కావలసింది 155హెచ్. రెండూ అల్ట్రా 7లే, కానీ యూ రకం 15 వాట్లకి చేసింది, హెచ్ రకం 28 వాట్లకి, కోర్లు కూడా ఎక్కువ, లోపలి గ్రాఫిక్స్ రెట్టింపు. "రెండూ ఒకటే సార్, స్పీడులో తేడా తెలీదు" అన్నాడు. ఎఫ్ అనే ఒక్క అక్షరానికి రెండేళ్లు జరిమానా కట్టినవాడిని, ఆ మాట నా దగ్గరా!

తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్ ఒకటి కూడా చూపించాడు, ఎనభై వేల లోపు. తెర మీద 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంది. అంటే ఎస్ఆర్‌జీబీ అనే, మామూలుగా తెరలు చూపించాల్సిన రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపించదు. నా ఫోన్‌లో పెళ్లికూతురి ఫోటో పక్కన పెట్టి చూస్తే ఎర్ర చీర ఇటుక రంగులో ఉంది. దాని మీద రంగులు సరిచేసి ఎల్ఈడీ వాల్ మీద వేస్తే కుంకుమబొట్టు సిగ్నల్ లైటులా వెలుగుతుంది.

చివరికి కొన్నది ఆ కిలోన్నరది, 14 అంగుళాల ఓఎల్ఈడీ, అల్ట్రా 7 155హెచ్, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. 1,02,000. ర్యామ్ దగ్గర మాత్రం కొంచెం కొట్టుకున్నాను. 16 జీబీది పధ్నాలుగు వేలు తక్కువ. గేమింగ్ వాటిలో ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు, మూత తీసి గుచ్చితే అయిపోతుంది. ఈ సన్నటి దాంట్లో బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్నరోజు ఎంతో పోయేదాకా అంతే. పైగా వేరే గ్రాఫిక్స్ లేదు కాబట్టి వీడియోకి కావలసిన మెమరీ కూడా అందులోంచే తీసుకుంటుంది. కాబట్టి 32. నో కాస్ట్ ఈఎంఐ పెట్టించుకున్నాను, వడ్డీ మీద జీఎస్టీ వేస్తారని మొదటి బిల్లు వచ్చాక గానీ తెలియలేదు, అది నా తప్పే.

ఇంకో పని కూడా చేశాను. డెస్క్‌టాప్‌లో ఎఫ్ ప్రాసెసర్ అమ్మేసి, అదే బోర్డు మీద ఐ5-13500 పెట్టించాను. దీంట్లో గ్రాఫిక్స్ ఉంది. బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్, అంటే బయాస్, అప్‌డేట్ చేస్తే చాలు, బోర్డు మార్చక్కర్లేదు. పాతది అమ్మగా చేతినుంచి పడింది పదమూడు వేలు. అంటే మొత్తం లక్షా పదిహేను వేలు, ఆ పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్ ధరకి మూడు వేలు తక్కువ. బరువు పనులు ఇంట్లో పెద్దది చేస్తుంది, హాల్లో కోతా కుట్టూ చిన్నది చేస్తుంది.

శ్రావణంలో భీమవరం పెళ్లితో బోణీ. పొద్దున ఆరింటికి కూర్చున్నాను, కిటికీ దగ్గర, ప్లగ్గు లేకుండానే. ఛార్జర్ 65 వాట్లది, ఫోన్ ఛార్జర్ కంటే కాస్త పెద్దది, అదీ టైప్ సీ. అసిస్టెంట్ దాన్ని కార్లోనే మర్చిపోయి పదింటికి తెచ్చాడు, అప్పటికి ఇంకా ఇరవై శాతం ఉంది. క్లిప్పులు నేరుగా ఆడాయి, ప్రాక్సీల గొడవే లేదు. పదకొండున్నరకి మొదటి కట్ అయిపోయింది. ఎక్స్‌పోర్ట్‌కి ఆరు నిమిషాలు, బావమరిది మిషన్ మూడున్నరలో చేసేది. ఆ రెండున్నర నిమిషాలు నేను పులిహోర తిన్నాను.

అంతా బాగుందని చెప్పను. నిగనిగలాడే ఓఎల్ఈడీ తెర, వెనక సీరియల్ లైట్లుంటే అద్దంలో చూసుకున్నట్టే, సగం టైం నా మొహమే కనపడుతుంది. మెమరీ కార్డు పెట్టే సందు లేదు, హబ్ ఒకటి వేలాడదీసుకుని తిరగాలి, దాన్ని ఇప్పటికి రెండుసార్లు పోగొట్టాను. చీకట్లో తీసిన క్లిప్పులకి నాయిస్ (చుక్కచుక్కలుగా కనపడే గరుకు) తీసే ప్లగిన్ వేస్తే ఇది చేతులెత్తేస్తుంది. అప్పగింతలు తెల్లవారుజామున మసకలో తీస్తాం కదా, అవే నాయిస్ ఉండే క్లిప్పులు, అవే అందరూ ఏడ్చే క్లిప్పులు. వాటిని సేమ్ డే ఎడిట్‌లో ఉన్నదున్నట్టు వేసేసి, ఇంటికొచ్చాక డెస్క్‌టాప్ మీద శుభ్రం చేస్తాను. రోజంతా హాల్లోనే కూర్చుని మొత్తం రెండున్నర గంటల సినిమా అక్కడే ముగించాలనుకునేవాళ్లకీ, ఇంట్లో వేరే మిషన్ లేనివాళ్లకీ, కారులో తిరిగేవాళ్లకీ నేను ఆ పెద్దదే కొనుక్కోమంటాను, మొహమాటం లేకుండా. 2025లో వచ్చిన ఎన్విడియా 50 సిరీస్‌లో 4:2:2 కూడా పెట్టారు కాబట్టి నాకు తగిలిన దెబ్బ వాళ్లకి తగలదు కూడా. కాకపోతే షాపులో డబ్బులు కట్టేముందు పెట్టె తీయించి ఆ ప్లగ్గు పిన్నులు ఒకసారి చూసుకోండి.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. చదువు అయిపోయింది, ఇంటర్వ్యూలకి హైదరాబాద్ వెళ్లాలట, వారం రోజులు అక్కడ ఫ్రెండు రూములో. "బావా, నీ ల్యాప్‌టాప్ ఇస్తావా? నాది మెట్రోలో మోయలేకపోతున్నాను" అన్నాడు. ఇచ్చాను. వాడిది ఇప్పుడు మా ఇంట్లో ఉంది, పెద్ద ప్లగ్గు ఫ్రిజ్ సాకెట్‌లో పెట్టి, పేరుకుపోయిన అప్పగింతల క్లిప్పులన్నిటికీ నాయిస్ తీయిస్తున్నాను. మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు వచ్చి పాలు విరిగిపోతాయని చెప్పి వెళ్లింది.